స్టూబాయ్ లోయ రివ్యూ: ఏడాదంతా అంటున్నారు, నవంబర్‌లో వెళ్ళి చూడండి మరి

అందరికీ నమస్తే. ఆస్ట్రియాలోని స్టూబాయ్ లోయ గురించి "ఏడాది పొడవునా కుటుంబంతో సెలవులు" అని రాస్తుంటారు, నాలుగుసార్లు వెళ్ళొచ్చి దాని సంగతే చెప్తున్నా. ఖర్చెవరిది అని కామెంట్లలో ఎలాగూ అడుగుతారు కాబట్టి నేనే ముందు చెప్పేస్తా. ఈసారి మేమున్న నాలుగు రాత్రుల్లో రెండు రాత్రులు అపార్ట్‌మెంట్ ఓనర్ ఫ్రీగా ఇచ్చారు, వీడియో చేయమని. మిగతా రెండూ మా డబ్బులే. దీనికి ముందు మూడుసార్లు వెళ్ళిందీ మా డబ్బులతోనే. అంటే తిట్టే హక్కు నాకుంది. తిడతాను కూడా, కాస్త ఆగండి.

ఎన్ని ఊళ్ళు, కొండెక్కించే తీగబళ్ళు, అదే లిఫ్టులు, ఎన్ని, అవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. ఆస్ట్రియాలో టిరోల్ రాష్ట్రం, ఇన్స్‌బ్రుక్ పక్కనే. మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కి రైల్లో రెండు గంటల లోపే. అక్కడ బస్సెక్కితే అరగంటలో లోయలో ఉంటారు. మేం మాత్రం బస్సెక్కం, ట్రామే. 1904 నుంచి నడుస్తోంది ఈ లైను. ఇన్స్‌బ్రుక్ వీధుల్లో కార్ల పక్కన మామూలు ట్రామ్‌లా బయల్దేరి, ఉన్నట్టుండి అడవిలోకి దూరిపోతుంది. టెల్ఫెస్ ఊరి దగ్గరికొచ్చేసరికి పచ్చికబయళ్ళు. కోసిన గడ్డి వాసన కిటికీలోంచి లోపలికొస్తుంది. లోయలో చివరి స్టేషన్ ఫుల్ప్‌మెస్‌కి 18 కిలోమీటర్లే, పట్టేది మాత్రం గంట. పోయినసారి అమ్మని తీసుకెళ్ళాం. అమ్మ విశాఖ మనిషి కదా, "మన అరకు రైల్లాగే ఉందే, సొరంగాలే తక్కువ" అంది. అమ్మ నోట్లోంచి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ రాదు.

ఇక తిట్టే భాగం.

"ఏడాది పొడవునా కుటుంబంతో సెలవులు" అని రాస్తారు చూడండి, దాన్ని నమ్మి రెండోసారి మేం నవంబర్‌లో వెళ్ళాం. అప్పుడు దిగింది వేరే అపార్ట్‌మెంట్, పేరు చెప్పను. సైటులో అదే మాట పెద్ద అక్షరాల్లో ఉంది. వెళ్ళి చూస్తే ష్లిక్ లిఫ్ట్ బంద్, ఎల్ఫర్ బంద్, సెర్లెస్ బంద్. ఏ హోటల్ తలుపు చూసినా కాగితం అంటించి ఉంది, "సిబ్బందికి సెలవులు" అని. ఆడుకునే చోట ఉయ్యాల తడిసి ముద్దయి ఉంటే, మా పాప దాన్ని నా స్కార్ఫ్‌తో తుడిచి ఊగింది. అది ఆదివారం. ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు తీయరు, శనివారం కూడా సాయంత్రం ఆరుకల్లా మూసేస్తారు. పెరుగు లేదు. మూడు రోజులు పెరుగు లేకుండా మా ఆయన మొహం ఎలా ఉందో ఫోటో పెట్టనివ్వలేదు, లేకపోతే చూపించేదాన్ని.

తప్పు వాళ్ళది మాత్రమే అననులెండి. ఎండాకాలం ముగిసి అక్టోబర్ చివర్లో కింది లిఫ్టులన్నీ ఆపేస్తారు. మళ్ళీ మంచు బాగా పడి డిసెంబర్‌లో మొదలయ్యేదాకా లోయంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఏప్రిల్ చివర్నుంచి మే సగం దాటేదాకా మళ్ళీ అదే కథ. ఆ మధ్యలో నడిచేది పైనున్న గ్లేసియర్, అదే హిమానీనదం, ఒక్కటే. స్కీయింగ్ వచ్చినవాళ్ళకి అది పండగే, అక్టోబర్ నుంచి జూన్ దాకా సాగుతుంది. పదేళ్ళ లోపు పిల్లలకి, డబ్బు కట్టిన అమ్మో నాన్నో వెంట ఉంటే, అక్కడ స్కీ పాస్ ఫ్రీ. నాకు స్కీయింగ్ రాదు. ఒకసారి నేర్చుకోబోయి టీచర్‌నే పడేశాను, ఆ వీడియో పాతదుంది, చూసుకోండి.

మరి ఇన్ని తిట్టి నాలుగోసారి ఎందుకెళ్ళావమ్మా అంటే, రోడెల్‌బాన్ కోసం. సిగ్గు లేకుండా చెప్తున్నా.

మీడర్స్‌లో లిఫ్టెక్కి పైకెళ్తే, అక్కణ్ణుంచి కిందికి పట్టాల మీద జారే బండి. 2.8 కిలోమీటర్లు, 640 మీటర్ల దిగుడు. కూర్చుంటే చేతికి లివర్ ఉంటుంది. ముందుకి తోస్తే వేగం, వెనక్కి లాగితే బ్రేక్. అంతే, ఇంజిన్ లేదు, ఏమీ లేదు. మొదటిసారి నేను మొత్తం దారి బ్రేక్ పట్టుకునే దిగాను, వెనకాల బళ్ళు వరసకట్టేశాయి, ఒకాయన జర్మన్‌లో ఏదో అన్నాడు, అర్థం కానట్టు ఊరుకున్నా. ఈసారి పాపని ముందు కూర్చోబెట్టుకున్నా. మూడో మలుపు దగ్గర పాప నా చేతులమీద చేతులేసి లివర్ ముందుకి తోసేసింది! కళ్ళల్లోంచి నీళ్ళు, చెవుల్లో గాలి, పక్కన ఆవులు మేస్తూ మమ్మల్ని పట్టించుకోనే లేదు. కిందికి రాగానే "ఇంకోసారి". అయిదుసార్లు ఎక్కాం. ఆరోసారికి వాన మొదలైంది. వానొస్తే ఆపేస్తారు, పట్టాలు తడిస్తే బ్రేకులు పట్టవు. అందుకే పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం మబ్బు పట్టేలోపు.

స్విట్జర్లాండ్ లౌటర్‌బ్రున్నెన్ వీడియో చేశాను గుర్తుందా, జలపాతాల లోయ? అందంలో అదే పైమెట్టు, ఒప్పుకుంటా. కానీ అక్కడ లిఫ్ట్ టికెట్ కొన్న ప్రతిసారీ మా ఆయన నిట్టూర్చేవాడు. ఇక్కడ వేసవిలో, స్టూబాయ్ సూపర్ కార్డ్ పథకంలో చేరిన ఇంట్లో దిగితే ఆ కార్డు ఇస్తారు. లిఫ్టులు, బస్సు, ఆ ట్రామ్ కూడా అందులోనే. ఫ్రీ అంటారు, ఫ్రీ ఏం కాదు, అద్దెలోనే కలిపేసి ఉంటుంది. అయినా గేటు దగ్గర పర్సు తీయక్కర్లేదు చూడండి, ఆ సుఖమే వేరు. బుక్ చేసేముందు ఆ ఇల్లు కార్డులో ఉందా లేదా అడగండి. అన్నీ ఉండవు.

గ్లేసియర్ పైకి ఒక్కసారి వెళ్ళండి చాలు. 3210 మీటర్ల దగ్గర చూసే వేదిక కట్టారు, అక్కడికెళ్ళేసరికి అమ్మకి తల పట్టేసింది. మెల్లగా నడవండి, నీళ్ళు తాగండి. వేసవిలో మంచు కరక్కుండా తెల్లని పరదాలు కప్పుతారు అక్కడ. కళ్ళంలో ధాన్యం రాశుల మీద టార్పాలిన్లు కప్పినట్టే ఉంది. అమ్మ చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది.

రేటింగ్ అడుగుతారు కదా. జూన్ నుంచి అక్టోబర్ మొదలుదాకా పదికి తొమ్మిది, ఆ తగ్గిన ఒకటీ ఆదివారం పెరుగుకి. జనవరి నుంచి మార్చి ఏడు. నవంబర్‌కి నా దగ్గర అంకె లేదు.

చివరగా, అక్కా కుక్కర్ పట్టుకెళ్ళొచ్చా అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. పట్టుకెళ్ళండి, కానీ పక్కింటివాళ్ళకి ముందే చెప్పండి. మాకు మూడో విజిల్ రాగానే తలుపు చప్పుడైంది. తీసి చూస్తే పక్క ఫ్లాట్ పెద్దాయన, చేతిలో మంటలార్పే సిలిండర్. పప్పు పెట్టి పంపించాం.