అర్ధరాత్రి నొప్పులొస్తే ముందు ఎవర్ని లేపుతావమ్మా?

యాంకర్: నమస్కారం. గర్భిణిని కాన్పుకు సిద్ధం చేయాలంటే ఆరోగ్య కార్యకర్తకు ఏ నేర్పు కావాలి? ప్రసూతి వైద్యురాలు, కార్యకర్తలకు శిక్షణనిచ్చే సీనియర్ నర్సు, ఒక ఆరోగ్య కార్యకర్త మనతో ఉన్నారు. డాక్టర్ గారూ, ఆస్పత్రికి రావడం ఎక్కడ ఆలస్యమవుతోంది?

డాక్టర్: 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు మూడు ఆలస్యాల గురించి రాశారు. వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడంలో ఒకటి, దారిలో ఒకటి, ఆస్పత్రికి చేరాక వైద్యం అందడంలో ఒకటి. మూడోదానికి మేం జవాబు చెప్పాలి. మొదటి రెండిటికీ మందు ఇంటి దగ్గరే పడాలి. కాన్పయ్యాక రక్తం ఆగకుండా పోతుంటే రెండు గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. బండి ఎవర్ని అడుగుదామని అప్పుడు ఆలోచిస్తే ఎలా?

యాంకర్: అమ్మా, మీరు ఇళ్లకు వెళ్లి ఏం చెబుతారు?

కార్యకర్త: మొదట్లో గడగడా చెప్పేసి వచ్చేదాన్నండీ. వాళ్లు తలూపేవాళ్లు. ఒకింట్లో అమ్మాయికి తొమ్మిదో నెల వచ్చింది. "అర్ధరాత్రి నొప్పులొస్తే ముందు ఎవర్ని లేపుతావమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి అత్తగారి వైపు చూసింది. ఆవిడ కొడుకు వైపు చూసింది. ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పటికి నాలుగుసార్లు వెళ్లాను ఆ ఇంటికి. ఏం చెప్పినట్టు నేను?

నర్సు: నా శిక్షణలో సగం దీని మీదే. "అర్థమైందా?" అని అడగొద్దంటాను. ఎవరైనా అయిందనే అంటారు. "తల పగిలిపోతోంది, చూపు మసకేస్తోంది, అప్పుడేం చేస్తావో నువ్వే చెప్పు" అనాలి. తడబడితే తప్పు మనది. మళ్లీ ఇంకోలా చెప్పాలి.

డాక్టర్: అది బీపీ బాగా పెరిగిందనడానికి గుర్తు కావచ్చు, ఫిట్స్ దాకా పోవచ్చు. నొప్పులు లేవు కదా అని ఇంట్లోనే ఉండిపోతారు, నాకు బాధనిపించేది అదే. రక్తం కనబడ్డా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం ఆగకూడదు.

యాంకర్: చెకప్‌లు ఎన్ని?

డాక్టర్: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి కనీసం 8 అంటోంది. మొదటిది 12 వారాల లోపే. కార్యకర్త ఇంటికొచ్చింది కదా అని వీటిని మానకూడదు.

నర్సు: ఇంకోమాట. కాన్పు గదిలో తోడు ఎవరుండాలో ఆ తల్లినే, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. నలుగురిలో అడిగితే తన మనసులో మాట రాదు. భయాలూ అప్పుడే బయటపడతాయి. అవి విని, తొందరపడి కొట్టిపారేయకుండా కూర్చోగలగడం చాలామందికి కష్టం. నాకూ ఏళ్లు పట్టింది.

యాంకర్: ఇంతకీ ఆ ఇంట్లో ఏమైందమ్మా?

కార్యకర్త: ఆరోజే అందరం కూర్చున్నాం. ఏ ఆస్పత్రి, డబ్బు ఎక్కడ పెట్టాలి, అవసరమైతే రక్తం ఎవరిస్తారు, పెద్దపిల్లని ఎవరు చూస్తారు, అన్నీ అనుకున్నాం. ఇద్దరు బండివాళ్ల నంబర్లు తలుపు వెనక రాయించాను. నొప్పులు రాత్రే వచ్చాయండీ. మొదటతను ఫోనెత్తలేదు. రెండో అతను వచ్చాడు.