రైలు వెనక్కి తిరిగే చోటు

అందరికీ నమస్కారం.

మెట్రో రైళ్ల గురించి మాట్లాడతానని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. "పట్టాలు అక్కడే ఉన్నాయి, స్టేషన్లు అక్కడే ఉన్నాయి. నిన్నటిదాకా వచ్చిన రైలు ఇవాళ నాలుగు స్టేషన్ల ముందే ఎందుకు ఆగిపోతోంది?" అడిగేవాళ్ల గొంతులో కాస్త కోపం కూడా ఉంటుంది. జనం తగ్గారండీ, డబ్బుల్లేవండీ అని చెప్పి తప్పించుకోవచ్చు. కొన్నిసార్లు అది నిజం కూడా. కానీ నాకు అర్థమైనంతవరకు అసలు చిక్కు చాలాసార్లు మనం చూడని చోట ఉంటుంది. రైలు వెనక్కి తిరిగే చోట.

బస్సును ఏ ఖాళీ జాగాలోనైనా తిప్పేయొచ్చు. రైలుకు ఆ వెసులుబాటు లేదు. చివరి స్టేషన్‌లో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గర్నుంచి చూడండి. జనమంతా దిగాలి. మూల సీట్లో నిద్రపోతున్నాయన్ని లేపి దింపాలి. కొన్నిచోట్ల ఖాళీ రైలు ఇంకాస్త ముందుకెళ్లి విడి పట్టా మీద ఆగాలి. డ్రైవరు తన కేబిన్ మూసి, 600 అడుగుల రైలు పొడవునా నడిచి, రెండో కొసన ఉన్న కేబిన్‌లోకి వెళ్లాలి. బ్రేకులు చూసుకోవాలి, సిగ్నల్ పడాలి. ఈలోపు వెనకాల ఇంకో రైలు వచ్చి నిలబడి ఉంటుంది. అందుకే మధ్యలో పట్టాలు ఎంత ఖాళీగా ఉన్నా, చివర్లో గంటకు ఎన్ని రైళ్లు తిప్పగలరో అన్నే నడుస్తాయి.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ న్యూయార్క్‌లోని 'జీ' రైలు. ఆ నగరంలోని బ్రూక్లిన్, క్వీన్స్ అనే ప్రాంతాలను కలుపుతుంది. కొద్ది దూరం అటూఇటూ తిరిగే షటిల్ రైళ్లు వదిలేస్తే, నగరానికి కేంద్రమైన మన్‌హాటన్‌లో అడుగే పెట్టని రైలు ఇదొక్కటి. ఒకప్పుడు క్వీన్స్ లోపల ఫారెస్ట్ హిల్స్ దాకా వెళ్లేది. 2001 డిసెంబరులో అక్కడి పట్టాలను 63వ వీధి సొరంగంతో కలిపారు. దాంతో మన్‌హాటన్‌కు ఇంకొన్ని రైళ్లు పంపే వీలొచ్చింది, 'వీ' అని కొత్త రైలు పెట్టారు. అది తిరగాల్సిందీ ఫారెస్ట్ హిల్స్‌లోనే. 'ఆర్' రైలు అప్పటికే అక్కడ తిరుగుతోంది. మూడింటికి చోటు చాలదు. పనిరోజుల్లో పగటిపూట జీ రైలును కోర్ట్ స్క్వేర్ దగ్గరే ఆపేశారు. రాత్రుళ్లు, సెలవు రోజుల్లో మాత్రం పాత దారి మిగిలింది. 2010లో అదీ పోయింది.

లెక్క ప్రకారం ఆ నిర్ణయం తప్పు కాదు. క్వీన్స్ నుంచి మన్‌హాటన్ పోయేవాళ్లే ఎక్కువ. కానీ జీ రైల్లో వెళ్లేవాళ్లకు అదనంగా ఒక రైలు మారడం వచ్చిపడింది. పైగా రైలు పొడవు కూడా ప్లాట్‌ఫారంలో సగానికి తగ్గింది. కొత్తవాళ్లు తెలియక ఒక చివర నిలబడతారు. రైలు వచ్చి ఎక్కడో మధ్యలో ఆగుతుంది. ఇక చేతిలో సంచితో పరుగు! ఆ పరుగు ఎంత మామూలైపోయిందంటే, ఊళ్లోవాళ్లు దానికో పేరే పెట్టుకున్నారు. దారి కుదించే కాగితాల్లో ఇలాంటివి రాయడానికి గడి ఉండదు.

అదే రైలు రెండో కొస చూడండి, ఇంకా తమాషాగా ఉంటుంది. బ్రూక్లిన్‌లో అది స్మిత్-నైన్త్ స్ట్రీట్స్ స్టేషన్‌తో ఆగేది. గోవానస్ కాలువ మీద నేలకు 87 అడుగుల ఎత్తున ఉంటుంది ఆ స్టేషన్. అక్కడి వంతెన పాతబడి, 2009లో మరమ్మతులకు దిగాల్సొచ్చింది. పని జరిగినన్నాళ్లూ రైలును అక్కడ తిప్పడం కుదరదు. సరే, తాత్కాలికంగా ముందుకు పోనిద్దామని ఇంకో 5 స్టేషన్లు పొడిగించి చర్చ్ అవెన్యూ దాకా పంపారు. జనం దానికి అలవాటుపడిపోయారు, వదులుకునేది లేదన్నారు. 2012లో శాశ్వతం చేసేశారు. ఒక కొసన తిరగడానికి చోటు లేక దారి తగ్గింది, ఇంకో కొసన తిరగడానికి చోటు లేకే దారి పెరిగింది.

మరి తిరగాల్సిన పనే లేకుండా గుండ్రంగా నడిపితే? లండన్‌లో సర్కిల్ లైన్‌ను అలాగే నడిపారు. 1884లో ఆ వలయం పూర్తయింది. చుట్టూ తిరుగుతూనే ఉండటం వినడానికి బాగుంది. అయితే చివరి స్టేషన్ వల్ల ఒక ఉపకారం ఉంది. ఆలస్యంగా వచ్చిన రైలు అక్కడ ఆగే నాలుగు నిమిషాలను తగ్గించుకుని మళ్లీ టైముకు బయల్దేరొచ్చు. వలయంలో ఆ ఊపిరి తీసుకునే చోటు ఉండదు. పైగా ఆ పట్టాల మీద వేరే లైన్ల రైళ్లు కూడా నడుస్తాయి, ఒకదాని ఆలస్యం ఇంకోదానికి అంటుకుంటుంది. చివరికి 2009 డిసెంబరులో వలయాన్ని విడగొట్టారు. ఇప్పుడు రైలు హామర్‌స్మిత్‌లో బయల్దేరి, ఊరు చుట్టి వచ్చి ఎడ్జ్‌వేర్ రోడ్‌లో ఆగిపోతుంది. అంతకుముందు కదలకుండా కూర్చుని ఎడ్జ్‌వేర్ రోడ్ దాటిపోయేవాళ్లు అక్కడ దిగి మారాల్సిందే. పేరు మాత్రం ఇంకా సర్కిల్ లైనే.

లైను రెండు కొమ్మలుగా చీలే చోట ఇంకో రకం తగువు. ప్యారిస్‌లో 7వ లైను అలా చీలేది. ఒక కొమ్మ కిటకిటలాడుతుంటే, రెండోదానిమీద జనం పలచగా ఉండేవారు. ఖాళీ కొమ్మకు పంపిన ప్రతి రైలూ రద్దీ కొమ్మకు తగ్గినట్టే. 1967లో ఖాళీ కొమ్మను విడగొట్టి 7బిస్ అని చిన్న లైను చేసేశారు.

ఇక పాతబడటం. న్యూయార్క్‌లో మన్‌హాటన్ బ్రిడ్జి మీద రైలు పట్టాలు రెండు అంచుల్లో వేశారు. 1909లో తెరిచిన వంతెన అది. రైలు వెళ్లినప్పుడల్లా ఆ పక్కకు కాస్త కుంగి వంతెన మెలితిరిగేది. అది బాగుచేయడానికి 1986 నుంచి 2004 దాకా ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క పట్టాలు మూస్తూ వచ్చారు. మూసినప్పుడల్లా దాటే రైళ్ల దారులు మారేవి. 18 ఏళ్లంటే అక్కడ పుట్టిన బిడ్డ కాలేజీకి పోయేంత కాలం!

డబ్బు సంగతి మరచిపోలేదు. లండన్‌లో ఆల్డ్‌విచ్ స్టేషన్‌కు రోజుకు 450 మంది వచ్చేవారు. లిఫ్టులు మార్చాలంటే 30 లక్షల పౌండ్లు. 1994 సెప్టెంబరు 30న మూసేశారు. దానిమీద వాదించడానికి ఏముంది? 2010లో న్యూయార్క్‌లో నిధులు చాలక రైళ్లు తగ్గించినప్పటి సంగతి ఇంతకంటే ఆసక్తిగా ఉంటుంది. 'వీ' రైలును తీసేసి, దాని పనిలో చాలావరకు 'ఎమ్' రైలుకు అప్పగించారు. అందుకోసం క్రిస్టీ స్ట్రీట్ దగ్గర 1976 నుంచి రోజువారీ సర్వీసు లేకుండా ఉన్న చిన్న ముక్క పట్టాను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. పొదుపు కోసం చేసిన పనే. కానీ ఎమ్ రైలు ఎక్కేవాళ్లకు మన్‌హాటన్ నడిబొడ్డుకు మారకుండా వెళ్లే దారి దొరికింది. దక్షిణ బ్రూక్లిన్‌లో పాత ఎమ్ ఎక్కేవాళ్లకు మాత్రం ఆ రైలే పోయింది.

మొదట్లో వేసిన ప్రశ్నను ఎవరైనా మళ్లీ అడిగితే, నేను వాళ్లను న్యూయార్క్ 6వ నంబరు రైలు ఎక్కమంటాను. అది బ్రూక్లిన్ బ్రిడ్జి స్టేషన్‌తో ఆగిపోతుంది. దాని తర్వాత సిటీ హాల్ అని ఒక స్టేషన్ ఉండేది, 1904లో ఆ నగరంలో సబ్‌వే, అంటే నేలకింది రైలు, మొదలైంది అక్కడే. ప్లాట్‌ఫారం బాగా వంపు తిరిగి ఉంటుంది. పొడుగు రైళ్లు, పెట్టె మధ్యలో తలుపులు వచ్చాక, తలుపుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య పెద్ద సందు మిగిలేది. 1945 డిసెంబరు 31న మూసేశారు. కానీ ఆ వంపు పట్టా మాత్రం ఇప్పటికీ కావాలి, ఎందుకంటే 6వ నంబరు రైలు వెనక్కి తిరిగేది దానిమీదే. బ్రూక్లిన్ బ్రిడ్జి దగ్గర దిగకుండా కూర్చోండి. రైలు చక్రాలు కీచుమంటూ మెల్లగా వంపు తిరుగుతుంది. కిటికీలోంచి మసక వెలుతురులో పలకలు పరిచిన కమానులు, ఖాళీ ప్లాట్‌ఫారం కాసేపు కనిపిస్తాయి. తర్వాత మళ్లీ బ్రూక్లిన్ బ్రిడ్జి, ఈసారి అవతలి ప్లాట్‌ఫారం మీద.