ఊహలో అడ్డంకులకూ చోటివ్వండి

(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఈ గదులను ఇంటికంటే శుభ్రంగా ఉంచే మా గ్రంథపాలకురాలికి, పత్రికల బల్ల దగ్గర రోజూ కలిసే విశ్రాంత మిత్రులకు, తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడే పోటీ పరీక్షల అభ్యర్థులకు నమస్కారం.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే ఈ వారోత్సవాల్లో అయ్యంకి వెంకటరమణయ్యగారిని తలచుకోవడం మన ఆనవాయితీ. 1914లో బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల వారందరినీ ఒక్కచోట కూర్చోబెట్టిన మహానుభావుడు ఆయన. ఆయన సేవల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నేను చేతులు జోడించి ముందుకు సాగుతాను.

నాకు ఇచ్చిన అంశం ‘పుస్తక పఠనం, వ్యక్తిత్వ వికాసం’. నిర్వాహకులు మన్నించాలి. దాని గురించి మాట్లాడటానికి ఇవాళ నా మనసు ఒప్పుకోవడం లేదు. ఈ మధ్య ఇదే పఠన మందిరంలో ఒక నోటు పుస్తకం చూశాను. అది చూసినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. దాని గురించే చెబుతాను.

ఆదివారాలు ఇక్కడ నేను అంకగణితం చెబుతానని మీలో చాలామందికి తెలుసు. ఆ తరగతికి వచ్చే ఒక అమ్మాయి పుస్తకం అది. పేరు చెప్పను, ఊరు చెప్పను. ఈ సంగతి మీ ముందు చెప్పడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. పేజీ తిప్పితే ఒకటే వాక్యం: ‘నేను డిప్యూటీ కలెక్టర్‌ని. విశ్వానికి కృతజ్ఞతలు.’ ఉదయం మూడుసార్లు ఎర్ర సిరాతో, మధ్యాహ్నం ఆరుసార్లు నీలం సిరాతో, రాత్రి తొమ్మిదిసార్లు ఆకుపచ్చ సిరాతో. ఇలా రాస్తూ పోతే కోరిక తీరుతుందట. దీన్ని 369 పద్ధతి అంటారని మీకు నేను చెప్పనక్కర్లేదు, మీ ఫోన్లలో రోజూ వస్తూనే ఉంటుంది. మార్జిను దాటకుండా, కొట్టివేత లేకుండా, ఎంతో శ్రద్ధగా రాసింది. ఫలితాలు వచ్చాక రాసిన పేజీలో మాత్రం వాక్యం మారింది. ‘నేను అనుమానించాను. అందుకే రాలేదు.’ అదీ పద్దెనిమిదిసార్లే రాసింది.

“మాక్ టెస్టులు ఎన్ని రాశావమ్మా?” అని అడిగాను.

“రాయలేదు సార్. మార్కులు తక్కువ వస్తే మనసులో వ్యతిరేక భావన వస్తుంది, దాంతో కోరిక వెనక్కి పోతుందని ఈ పద్ధతి నేర్పే క్లాసులో చెప్పారు.”

ఎంత ఫీజు కట్టి విన్న క్లాసో అది! చక్రవడ్డీ లెక్కలు అర్థం కాకపోయినా నన్ను ఎందుకు అడగలేదో కూడా అప్పుడే తెలిసింది. అర్థం కాలేదని పైకి ఒప్పుకుంటే అదీ అపనమ్మకం కిందికే వస్తుందట. ఫలితం రాకపోతే మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్ళింది. నీలో ఎక్కడో అనుమానం మిగిలి ఉంది, దాన్ని కడిగేసుకోవడానికి ఇంకో కోర్సు ఉంది అన్నారు. ఆ మాట అన్నవాళ్ళు ఎవరో నేను చెప్పబోవడం లేదు. అటువంటివాళ్ళు ప్రతి ఊరిలో ఉన్నారు, ఒకరి పేరు చెప్పి ప్రయోజనం లేదు. కానీ పిల్ల తప్పిన పరీక్షకు పిల్ల మనసునే దోషిని చేసి, ఆ దోషానికి మందు కూడా తామే అమ్ముతామనడం అన్యాయం. నాకు కోపం వస్తోంది. రావాలి కూడా.

ఊహకు శక్తి లేదని నేను అనను. చింతకాయ తలచుకుంటే నోరూరుతుంది. తప్పిన ప్రమాదం గుర్తొస్తే ఇవాళ్టికీ గుండె దడదడలాడుతుంది. ఫ్రాన్సులోని నాన్సీ పట్టణంలో ఎమిల్ కూయే అనే ఆయన, ‘ప్రతిరోజూ అన్ని విధాలా నేను మెరుగవుతున్నాను’ అని రోగుల చేత పదే పదే అనిపించేవాడు. సంకల్పానికీ ఊహకూ పోటీ వస్తే ఊహే నెగ్గుతుందని ఆయన సిద్ధాంతం. 1905లో బార్బడోస్ దీవిలో పుట్టి అమెరికా చేరిన నెవిల్ గొడార్డ్ ఇంకో అడుగు ముందుకు వేసి, కోరిక తీరిపోయిన అనుభూతిలోనే నివసించమన్నాడు. ఇప్పుడు మీరు వింటున్న బోధలకు చాలావరకు మూలం అక్కడే ఉంది. మన ఇళ్ళలోనూ ‘యద్భావం తద్భవతి’ అనని పెద్దవాళ్ళు లేరు. వీళ్ళెవరితోనూ నాకు తగాదా లేదు. నా తగాదా అంతా ‘అనుమానం ఒక్కటే అడ్డు’ అనే మాటతోనే.

నిజానికి అడ్డు ఎక్కడుందో పరిశోధించి చూసినవాళ్ళు ఉన్నారు. గాబ్రియేలే ఓటింగెన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే పని మీద దశాబ్దాలు గడిపారు. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన 25 మంది మహిళల మీద ఆమె సహచరుడితో కలిసి చేసిన అధ్యయనం 1991లో వెలువడింది. తగ్గగలమని ఎంత నమ్మకం ఉందో విడిగా అడిగారు. తగ్గిన తర్వాతి జీవితాన్ని, తిండి ఎదురైన సందర్భాలను ఎలా ఊహించుకుంటున్నారో విడిగా అడిగారు. ఏడాది తర్వాత చూస్తే, నమ్మకం ఉన్నవాళ్ళు ఎక్కువ తగ్గారు. తియ్యటి ఊహల్లో తేలినవాళ్ళు మాత్రం, అంత అందంగా ఊహించుకోనివాళ్ళ కంటే సుమారు 11 కిలోలు తక్కువ తగ్గారు. నమ్మకం వేరు, పగటికల వేరు. నమ్మకం మనం ఇంతవరకు చేసిన పనిలోంచి పుడుతుంది. పగటికలకు ఏ పనీ అక్కర్లేదు.

ఉద్యోగాల విషయంలోనూ ఇదే తేలింది. జర్మనీలో చదువు ముగించిన పట్టభద్రులను రెండేళ్ళ తర్వాత అడిగితే, మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తరచుగా కలలు కన్నవాళ్ళు పంపిన దరఖాస్తులే తక్కువ, వచ్చిన ఉద్యోగ ఆఫర్లూ తక్కువ, జీతమూ తక్కువ. ఇది 2002 నాటి మాట. ఎందుకిలా జరుగుతుందో 2011లో మరో పరిశోధన చూపింది. కోరిక తీరినట్టు హాయిగా ఊహించుకున్నవాళ్ళలో సిస్టాలిక్ రక్తపోటు, అంటే బీపీ కొలతలో పై అంకె, తగ్గింది. పనికి దిగబోయే శరీరంలో ఉండవలసిన బిగువు సడలిపోయిందన్నమాట. ఊహలోనే అన్నీ అందేశాయి, ఇక లేచి వెళ్ళడానికి ఒంటికి కారణం కనిపించలేదు.

ఆ అమ్మాయి రోజూ చేసింది అదే. ఎర్ర సిరా, నీలం సిరా, ఆకుపచ్చ సిరా పట్టుకుని రోజుకు మూడుసార్లు ఉద్యోగంలో చేరిపోయింది. ఇక చక్రవడ్డీ లెక్క చేయడానికి ఒళ్ళు ఎలా వంగుతుంది?

మన శాస్త్రాలు చదవండని చెప్పే ఆ మోటివేషన్ వక్తలను నేను ఒకటే అడుగుతున్నాను. పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదం, 30వ సూత్రం చూశారా? సాధకుడి మనసును చెదరగొట్టే అంతరాయాలు తొమ్మిదని అక్కడ ఉంది. వ్యాధి, స్త్యానం (మనసు మొద్దుబారడం), సంశయం, ప్రమాదం (అజాగ్రత్త), ఆలస్యం (సోమరితనం), అవిరతి (భోగాల మీద ఆశ వదలకపోవడం), భ్రాంతిదర్శనం, అలబ్ధభూమికత్వం (పై మెట్టు అందకపోవడం), అనవస్థితత్వం (అందిన మెట్టు మీద నిలవలేకపోవడం). ఆయన చెప్పింది యోగ సాధన గురించి, గ్రూప్స్ గురించి కాదు, ఒప్పుకుంటాను. కానీ వరుస చూడండి. మొట్టమొదట వ్యాధిని పెట్టాడు. ఒంట్లో బాగాలేని మనిషికి ముందు ఒళ్ళు బాగుపడాలని ఆ మహర్షికి తెలుసు. సంశయం తొమ్మిదింటిలో ఒక్కటి మాత్రమే. ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చూసే భ్రాంతిదర్శనాన్ని కూడా ఆయన అడ్డంకుల్లోనే లెక్కపెట్టాడు. చేరని చోటికి చేరిపోయామనుకోవడం సాధన అవుతుందా?

ఇంకో మాట. మనసుతో ఏమాత్రం సంబంధం లేని అడ్డంకులూ ఉంటాయి. తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరు 16న జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది. 2023 జూన్ 11న మళ్ళీ జరిగింది. ఈసారి హైకోర్టు తీర్పుతో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. లక్షల మంది రెండుసార్లు హాల్ టికెట్లు తీసుకుని, బస్సులెక్కి వెళ్ళి రాసిన పరీక్షలవి. ఆ రద్దు ఎవరి అనుమానం వల్ల జరిగింది? ఏ పిల్లవాడి నోటు పుస్తకంలో సిరా తగ్గి జరిగింది? చెప్పండి! అద్దె గదిలో మూడో ఏడు గడుపుతున్న కుర్రవాడితో ‘నీ ఆలోచనలే నీ జీవితం’ అనేవాళ్ళు ఈ ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి.

గ్రంథాలయ సంస్థవారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఒక విన్నపం కూడా చేసుకుంటాను, అంశం పక్కకు వెళ్ళినా సరే. ఈ మందిరం రాత్రి ఎనిమిదికి మూస్తున్నారు. పరీక్షల కాలంలో పదింటి దాకా తెరిచి ఉంచండి. కిటికీ పక్క వరుసలో రెండు ట్యూబులైట్లు వెలగడం లేదు, ఆడపిల్లలు కూర్చునే వరుస అదే. మీరు తీసివేయగల అడ్డంకులు ఇవి. వీటికి ఏ ధ్యానమూ అక్కర్లేదు.

సరే, మళ్ళీ ఊహ దగ్గరికి వస్తున్నాను. దాన్ని ఎలా వాడాలో చెప్పకుండా దిగిపోతే నేను సగమే చెప్పినవాణ్ణి అవుతాను.

తమిళ శివభక్తుల చరిత్రలో పూసలార్ కథ ఉంది. ఇప్పటి చెన్నైకి దగ్గరలో ఉన్న తిరునిన్ఱవూర్ ఆయనది. శివుడికి గుడి కట్టాలని కోరిక, చేతిలో డబ్బు లేదు. ఎంత తిరిగినా పుట్టలేదు. చివరికి మనసులోనే కట్టడం మొదలుపెట్టాడు. ఎలా కట్టాడో గమనించండి. నేరుగా కుంభాభిషేకం రోజును ఊహించుకుని ఆనందపడలేదు. ముందు మనసులోనే ధనం పోగుచేశాడు. రాయీ కలపా సమకూర్చాడు. శిల్పులను పిలిచాడు. మంచిరోజు చూసి పునాది వేశాడు. రాత్రిళ్ళు నిద్రమాని వరుస మీద వరుస లేపాడు. శిఖరమైంది, కోనేరైంది, బావి అయింది, ప్రాకారమైంది. అదే సమయంలో కంచిలో పల్లవరాజు నిజంగానే పెద్ద రాతిగుడి కట్టించాడు. ప్రతిష్ఠకు ముందురోజు రాత్రి శివుడు రాజుకు కలలో కనిపించి, రేపు నేను పూసలార్ గుడిలో ప్రవేశించాలి, నీ ముహూర్తం మార్చుకో అన్నాడట. భక్తులకు ఇది భక్తి కథ. లెక్కల మాస్టారిగా నాకు మాత్రం, ఒక్క మెట్టు కూడా వదలకుండా చేసిన లెక్క ఇది.

1999లో అమెరికాలో లియన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల మీద దాదాపు ఇదే పరీక్షించారు. పరీక్షకు ముందు కొన్ని రోజులపాటు, రోజుకు ఐదు నిమిషాలు. ఒక బృందం తమకు మంచి గ్రేడు వచ్చేసినట్టు ఊహించుకోవాలి. ఇంకో బృందం తాము కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకోవాలి. చదువును ఊహించుకున్నవాళ్ళు ముందుగా చదువు మొదలుపెట్టారు, ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు.

ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ సంగతి కూడా చెప్పాలి. ఆయన కోచ్ బాబ్ బోమన్ రోజూ పోటీ మొత్తాన్ని మనసులో నడిపించుకోమనేవాడు. అంతా సవ్యంగా సాగే పోటీ ఒక్కటే కాదు, తేడా వచ్చిన పోటీ కూడా. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో ఫెల్ప్స్ కళ్ళద్దాల్లోకి నీళ్ళు చేరాయి. చివరికి గోడ కూడా కనిపించలేదు. ఎన్ని బారలకు గోడ వస్తుందో తెలుసు కాబట్టి లెక్కపెట్టుకుంటూ ఈది, 1 నిమిషం 52.03 సెకన్లలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. వ్యతిరేక భావన వస్తుందని ఆయన కూడా కళ్ళద్దాల్లో నీళ్ళను ఊహించుకోవడం మానేసి ఉంటే ఏమయ్యేది?

ఇప్పుడు అందరూ ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. పెద్దలు కూడా. మీ కోరికను తలచుకోండి. అది మీ కోరికేనా, మీ నాన్నగారిదా, పక్కింటివాళ్ళు మెచ్చుకోవాలనా అని అడగండి. మీది కాకపోతే దాన్ని వదిలి మీదైనది పట్టుకోండి. అది తీరితే ఎలా ఉంటుందో చూడండి, కానీ అక్కడే ఆగిపోకండి. ఈ రాత్రికి రండి. ఎనిమిదయింది. డేటా ఇంటర్‌ప్రిటేషన్ బిట్లు ముందున్నాయి. మూడో బిట్ దగ్గర ఆగిపోయారు. చెయ్యి ఫోను వైపు వెళ్తోంది. ఎందుకు వెళ్తోంది? రాదేమోనన్న భయమా, సిగ్గా, నిద్రా? దాన్ని సరిగ్గా చూడండి. అది మీ అడ్డంకి. ఇప్పుడు మనసులో ఒక వాక్యం అనుకోండి: ‘మూడో బిట్ దగ్గర ఆగిపోతే, ఫోను పక్కగదిలో పెట్టి, జవాబు చూసి, మళ్ళీ మొదటి నుంచి చేస్తాను.’ అంతే. ఓటింగెన్ ఈ క్రమానికే కోరిక, ఫలితం, అడ్డంకి, ప్రణాళిక అని పేర్లు పెట్టారు. కళ్ళు తెరవండి.

తల్లిదండ్రులు కొందరు వచ్చారు. అమ్మా, అయ్యా, మీ పిల్లలు నాలుగు మార్కులతో తప్పినప్పుడు ‘నువ్వు గట్టిగా అనుకోలేదు’ అనకండి. ఏ చాప్టర్లో పోయాయి అని అడగండి.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న ఆదివారం మొదటిసారి పూర్తి మాక్ టెస్టు రాసింది. మార్కులు చెప్పను, అవి తన సొంతం. వడ్డీలు, కాలం-దూరం, రెండు చోట్ల పోయాయి. ఆ రెండూ ఇప్పుడు నల్ల సిరాతో వేరే పుస్తకంలో చేస్తోంది. వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి ఇదే హాల్లో 150 బిట్ల పరీక్ష పెడుతున్నాను. ఫీజు లేదు, పేరు రాయనక్కర్లేదు, మార్కులు గోడకు అంటించను. ఇంతవరకు ఒక్క మాక్ టెస్టు కూడా రాయనివాళ్ళు ముందు వరుసలో కూర్చోండి. ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించడానికి ఎంతమందో తెలియాలి, చేతులెత్తండి.