తుపానుకు మనం కుడివైపా, ఎడమవైపా?

శ్రోతలకు నమస్కారం. తుపాను రోజుల్లో కోస్తాలో ఎవరిని కదిపినా అడిగేది ఒకటే: పోర్టులో ఎన్నో నంబరు ఎగరేశారు? ఒక రేవులో ఐదు, ఇంకో రేవులో ఆరు అని వినగానే ఆరో నంబరు ఉన్నచోట గాలి ఎక్కువని అనుకుంటారు. నిజానికి ఐదు, ఆరు, ఏడు మూడూ ఒకే తీవ్రతకు చెందిన ప్రమాద సూచికలు. ఆ అంకెలు చెప్పేది తుపాను దారి గురించి. తుపాను నడిచే దారికి రేవు ఎడమవైపు పడితే ఐదు, కుడివైపు పడితే ఆరు, తుపాను రేవు మీదుగానో పక్కనుంచో పోతుందంటే ఏడు. తుపాను ఇంకా బలపడితే ఇవే మూడు స్థానాలకు ఎనిమిది, తొమ్మిది, పది వాడతారు. పదకొండు అంటే తుపాను హెచ్చరికల కేంద్రంతో రేవుకు సంబంధాలు తెగిపోయాయని. ఇక ఒకటి, రెండు నంబర్లు దూరాన నడిసముద్రంలో ఉన్న ముప్పుకి. మూడు, నాలుగు వచ్చాయంటే ఆ రేవే జాగ్రత్తపడాలి.

కుడి ఎడమల గొడవ ఎందుకంటే, మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. తుపాను సముద్రం నుంచి మన తీరం వైపు వస్తోందనుకోండి. అది నడిచే దిశకే ముఖం పెట్టి నిలబడండి. మీ కుడిచేతి వైపు తీరానికి గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది. ఎడమచేతి వైపు తీరంలో నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది. అంటే కుడివైపున నీరు ఊళ్ల మీదికి వస్తుంది, ఎడమవైపున సముద్రం వెనక్కి తగ్గవచ్చు కూడా. పైగా తుపాను ముందుకు నడిచే వేగం కుడివైపు గాలికి తోడవుతుంది, ఎడమవైపు గాలిలోంచి తగ్గుతుంది.

1977 నవంబర్ 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. ఉప్పెన మాత్రం దివిసీమను ముంచేసింది. దివిసీమ ఆ దారికి కుడివైపున ఉంది. దాదాపు ఐదు మీటర్ల ఎత్తున నీరు వచ్చింది. అధికారిక లెక్కల్లోనే మృతులు పది వేల దాకా ఉన్నారు. "తుపాను మన దగ్గర తీరం దాటడం లేదు కదా" అని నిశ్చింతగా ఉండకూడదని నేను పదేపదే చెప్పేది ఇందుకే. ఎక్కడ దాటుతుందన్నది విన్నాక, ఆ చోటికి మన ఊరు ఏ పక్కన ఉందో వెంటనే చూసుకోవాలి.

ఉప్పెన అంటే ఒక పెద్ద అల అనుకుంటారు చాలామంది. కాదు, సముద్రమట్టమే లేస్తుంది, ఆ లేచిన నీటి మీద మళ్లీ అలలు ఉంటాయి. వాయుపీడనం ఒక హెక్టాపాస్కల్ తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు పైకి వస్తుంది. కేంద్రంలో పీడనం యాభై తగ్గినా దానివల్ల వచ్చేది అర మీటరే. మిగిలినదంతా గాలి తోసుకొచ్చే నీరు. తీరం దగ్గర లోతు తక్కువైతే ఆ నీటికి కిందికి పోయే దారి ఉండదు, ఎత్తుకు లేస్తుంది. అదే సమయానికి పోటు కూడా ఉంటే ఆ ఎత్తు దీనికి కలుస్తుంది. అందుకే తీరం దాటే గంట ఎంత ముఖ్యమో, ఆ గంటకు సముద్రం పోటులో ఉందా ఆటులో ఉందా అన్నదీ అంతే ముఖ్యం.

ఇప్పుడు సముద్రంలో చేపల వేటలో ఉన్నవాళ్ల సంగతి. గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను కేంద్రం మీ ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. బోటు ఆపి గంట గంటకూ గాలి దిక్కు రాసుకోండి. ఉత్తరం నుంచి ఈశాన్యానికి, అక్కడి నుంచి తూర్పుకు తిరుగుతోందంటే మీరు దారికి కుడివైపున, ప్రమాదం ఎక్కువున్న సగంలో ఉన్నట్టు. ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకు తిరిగితే ఎడమవైపున. దిక్కు మారకుండా గాలి మాత్రం పెరుగుతూ పోతే తుపాను మీ మీదికే వస్తోంది.

అయితే అంతదాకా రానివ్వకూడదు. బులెటిన్‌లో కేంద్రం మచిలీపట్నానికి 450 కిలోమీటర్ల దూరంలో ఉంది, గంటకు 12 కిలోమీటర్ల వేగంతో వస్తోంది అన్నారనుకోండి. 450ని 12తో భాగించి 37 గంటలు టైముందని అనుకోవద్దు. ఈదురు గాలి కేంద్రానికి 200 కిలోమీటర్ల ముందే నడుస్తుందనుకుని లెక్క వేయండి. మిగిలేది 21 గంటలే. మీరు తీరానికి వంద కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఏడెనిమిది నాట్ల వేగంతో, అంటే గంటకు 13 నుంచి 15 కిలోమీటర్లు పోయే మరబోటుకు మామూలు సముద్రంలోనే ఏడెనిమిది గంటలు పడుతుంది. గాలి ఎదురైతే ఇంకా ఎక్కువ. వల తీసే సమయం కూడా ఇందులోంచే పోవాలి. సెల్‌ఫోన్ సిగ్నల్ తీరానికి కొద్ది దూరమే అందుతుంది కాబట్టి వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్ తెరిచే ఉంచండి. ఒడ్డున ఉన్న ఇంటివాళ్లు కోస్ట్‌గార్డ్‌కు 1554కు ఫోన్ చేయవచ్చు.

"తుపాను కాదు, వాయుగుండమే కదా" అనే మాట నన్ను భయపెడుతుంది. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను అంటారు, 89కి తీవ్ర తుపాను, 118కి అతి తీవ్ర తుపాను. వాయుగుండం గాలి 31 నుంచి మొదలవుతుంది, తీవ్ర వాయుగుండంలో 61 దాకా పోతుంది. ఫైబర్ బోటు తిరగబడడానికి అది చాలు. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది.

అలల ఎత్తు సంగతి కూడా ఇలాంటిదే. సముద్రం ఆనవాలు లేని హైదరాబాద్‌లో కూర్చుని ఇన్‌కాయిస్ సంస్థ దేశమంతటికీ అలల అంచనాలు ఇస్తుంది. అందులో మూడు మీటర్లు అని ఉంటే, అతి పెద్ద అల మూడు మీటర్లని అర్థం కాదు. మొత్తం అలల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతు అలల సగటు ఎత్తు అది. దాదాపు రెట్టింపు ఎత్తున్న అల అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. ఇంకొకటి: గాలి లేకుండానే, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున, దక్షిణ హిందూ మహాసముద్రంలో వేల కిలోమీటర్ల దూరాన పుట్టిన పొడవాటి అలలు నాలుగైదు రోజులు నడిచి మన తీరానికి చేరతాయి. 18 సెకన్లకు ఒకటిగా వచ్చే ఈ అలలు రోజుకు సుమారు 1,200 కిలోమీటర్లు నడుస్తాయి. నడిసముద్రంలో బోటును మెల్లగా ఎత్తి దించుతాయి, అంతే. మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, ఆటులో బయటికి పరుగెత్తే నదినీటికి ఎదురైనప్పుడు మాత్రం నిటారుగా లేచి విరుగుతాయి. మొగ దాటాల్సివస్తే పోటు నిండేదాకా బయట లోతైన నీటిలోనే ఆగడం మంచిది.

రేవులో బోట్లు కట్టేటప్పుడు తాళ్లను బిగించి కట్టకండి. నీటిమట్టం రెండు మూడు మీటర్లు లేస్తే బిగిసిన తాడు తెగుతుంది, లేదా బోటును ఒక పక్కకు ఒరగదీస్తుంది. వదులు ఉంచి, ముందు రెండు, వెనక రెండు తాళ్లు కట్టి, రాసుకునే చోట పాత గోనె చుట్టండి. బోట్ల మధ్య టైర్లు వేలాడదీయండి. ఇంజను ఆయిల్, డీజిల్ క్యాన్లు ఒడ్డుకు చేర్చండి. ఇవన్నీ ముగించుకుని బోటు దిగిపోండి. గాలిలో బోటును కాపాడుకోవాలని అందులోనే ఉండిపోవద్దు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, విశాఖ మీదుగా పోయింది. కన్ను వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా నిలిచిపోతుంది, వెలుతురు కూడా రావచ్చు. అప్పుడు బయటికి రావద్దు. కన్ను దాటగానే అంతే గాలి అప్పటిదాకా వీచినదానికి ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. అంతకుముందు ఒక పక్కకు ఒరిగి ఆగిన చెట్లు, రేకులు రెండో దెబ్బకు ఊడి పడతాయి. గాలి మొత్తం తగ్గాక కూడా సముద్రం ఒకటి రెండు రోజులు సర్దుకోదు. మత్స్యకారుల హెచ్చరికను ఎత్తివేశారని బులెటిన్‌లో విన్నాకే, వెలుతురున్న వేళ, మొగలో ఇసుక మేట ఎటు జరిగిందో చూసుకుని బోటు తీయండి.