అమ్మమ్మ కాకినాడలో, కుక్కపిల్ల కెనడాలో

అందరికీ నమస్తే. ఈ వీడియో ముఖ్యంగా మా వదిన కోసం. "అత్తయ్య పొద్దున్నే కాఫీ తాగి కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో కుక్కకి తిండి పెడుతున్నారు, ఏంటమ్మా అది?" అని మా అమ్మ గురించి ఫ్యామిలీ గ్రూప్‌లో అడుగుతూనే ఉంది. అది వెబ్‌కింజ్ అనే కంప్యూటర్ ఆట. మెసేజ్‌లో చెబితే అర్థమయ్యే విషయం కాదు, అందుకే మీ అందరినీ వెంటపెట్టుకుని బయల్దేరాను.

ఇవాళ శనివారం. నిజానికి కరివేపాకు కోసమని బయటికొచ్చాం. ఇక్కడ కెనడాలో గుప్పెడు రెబ్బలు రెండు డాలర్లు, అంటే కెనడా డాలర్ సుమారు అరవై లెక్కన 120 రూపాయలు. మన పెరట్లో చెట్టు గుర్తొచ్చి కొన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. దారిలో ఒక ఇంటి ముందు గరాజ్ సేల్ బోర్డు కనిపించింది. ఎండాకాలం వస్తే ఇక్కడివాళ్లు ఇంట్లో వాడని సామాన్లన్నీ ఇంటి ముందు బల్లల మీద పరిచి వాళ్లే అమ్ముకుంటారు. మా పాప "అమ్మా, ఆపు ఆపు!" అంది. కరివేపాకు సంగతి అక్కడితో సరి.

ఇదిగో, ఈ పెట్టె నిండా మెత్తటి బొమ్మలు. పాదం మీద ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరం ఉంది చూడండి, అదే గుర్తు. ఇవే వెబ్‌కింజ్ బొమ్మలు. మామూలు బొమ్మకీ దీనికీ తేడా అంతా ట్యాగ్‌లో ఉంది. మడిచి మూసిన ఆ ట్యాగ్ లోపల ఒక సీక్రెట్ కోడ్ ఉంటుంది. కంప్యూటర్లో ఆ కోడ్ కొడితే ఇదే జంతువు వెబ్‌కింజ్ వరల్డ్ అనే ఆటలోకి వస్తుంది. పిల్లలు పేరు పెడతారు, ఆడో మగో చెబుతారు, ఆటవాళ్లు దత్తత పత్రం ఇస్తారు. దానికి ఉండడానికి ఒక గది కూడా వస్తుంది. కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. అందుకే ట్యాగ్ లేని బొమ్మ ఇక్కడ ఒక డాలర్, అంటే 60 రూపాయలు. ట్యాగ్ విప్పకుండా ఉన్న ఈ గుర్రం పన్నెండు డాలర్లు, 720 రూపాయలు! అదే గుడ్డ, అదే దూది. అమ్మే ఆవిడకీ ఆ సంగతి తెలుసు, ఒక్క డాలర్ కూడా తగ్గించలేదు.

దీన్ని తయారుచేసే గాంజ్ కంపెనీ మన ఒంటారియోలోనే, వుడ్‌బ్రిడ్జ్‌లో ఉంది. ఆట మొదలైంది 2005లో. మొదట్లో ఒక కోడ్‌కి ఒక ఏడాది ఆట, ఆ లోపు ఇంకో బొమ్మ కొంటే గడువు పెరిగేది. ఇప్పుడు బొమ్మ లేకుండా ఉచితంగా కూడా చేరొచ్చు. 2020 చివర్లో, బ్రౌజర్లో ఆటలు నడిపే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ ఆగిపోయాక చాలా పాత ఆటలు మూతబడ్డాయి, దీన్ని మాత్రం వాళ్లు కంప్యూటర్లో వేసుకునే యాప్‌గా మార్చి నిలబెట్టారు. ఇంకొకళ్ల పిల్లల జ్ఞాపకాలను అలా కాపాడినందుకు నాకు వాళ్లంటే గౌరవం.

అదే పెట్టె అడుగున స్కైలాండర్స్ బొమ్మలు కూడా ఉన్నాయి. అవి 2011లో వచ్చాయి, వాటి సంగతి వేరు. బొమ్మ కింద చిన్న చిప్ ఉంటుంది, దాన్ని పోర్టల్ అనే పీట మీద పెడితే టీవీలో ఆ పాత్ర ప్రత్యక్షమవుతుంది. ఆడిన వివరాలు బొమ్మలోనే దాచుకుంటుంది కాబట్టి స్నేహితుల ఇంటికి పట్టుకెళ్లి అక్కడ కూడా ఆడొచ్చు. తెలివైన ఏర్పాటే, కానీ పోర్టల్ లేకపోతే ఆ బొమ్మలకి పనిలేదు. వాటిని అక్కడే వదిలేశాం.

వెబ్‌కింజ్ ఆటలో మా పాప కుక్కపిల్ల పేరు లడ్డు. దానికి ఆకలి, ఆరోగ్యం, సంతోషం అని మూడు కొలతలుంటాయి. పట్టించుకోకపోతే నీరసపడుతుంది, డాక్టర్ క్వాక్ అనే బాతు దగ్గరికి తీసుకెళ్లాలి. చచ్చిపోదు, అది నాకు బాగా నచ్చింది. తిండీ సామాన్లూ కొనాలంటే కింజ్‌క్యాష్, అంటే ఆ ఆటలో డబ్బు, కావాలి. అది క్విజ్‌లకి జవాబులు చెప్పి, ఆటలాడి సంపాదించుకోవాలి. చిన్న చిన్న ఉద్యోగాలు కూడా ఇస్తారు, ఒకటి చేశాక ఎనిమిది గంటలు గడిస్తే గానీ ఇంకోటి దొరకదు.

అమ్మ ఇందులోకి వచ్చింది అక్కడే. పాప రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుంటుంది, కాకినాడలో అప్పుడు పొద్దున ఏడు. అమ్మ కాఫీ ముగించి లడ్డుకి టిఫిన్ పెట్టి, దాని ఉద్యోగం కూడా చేసిపెడుతుంది. పొద్దున లేవగానే పాప మొదట చూసేది అమ్మమ్మ ఎంత సంపాదించిందా అని. గదిలో కొత్త కుర్చీ కనిపిస్తే ఇల్లంతా గంతులే. వీడియో కాల్‌లో ఇదివరకు "తిన్నావా", "తిన్నాను" అనుకుని ఇద్దరూ నా మొహం చూసేవాళ్లు. ఇప్పుడు లడ్డుకి మంచం కొందామా, సోఫా కొందామా అని వాదించుకుంటారు, ఫోన్ నా చేతికి రాదు. ఇక్కడ పక్కింటి తలుపు తట్టి పిల్లని కాసేపు కూర్చోబెట్టే అలవాటు లేదు. పాపకి అక్కాచెల్లెళ్లు లేరు, సాయంత్రాలు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది. అమ్మ రోజూ మా ఇంట్లో ఏదో ఒకటి సర్దిపెట్టి వెళ్తున్నట్టే ఉంది నాకు.

చాటింగ్ గురించి టెన్షన్ వద్దు వదినా. మామూలు చాట్‌లో ముందే రాసిపెట్టిన వాక్యాల్లోంచి ఎంచుకోవాలి, సొంతంగా టైప్ చేయడం కుదరదు. తెలియనివాళ్లు మీ ఊరేది, బడి ఏది అని అడగలేరు.

గుర్రాన్ని కొన్నాం. ట్యాగ్ ఇంకా విప్పలేదు, అది మా మేనల్లుడు చిన్నూకి. అన్నయ్యా, అమ్మ కూర్చునే కంప్యూటర్లోనే వాడికి వేరే అకౌంట్ తెరిచి, యూజర్‌నేమ్ నాకు వాట్సాప్ చెయ్యి, అప్పుడు ట్యాగ్ విప్పి కోడ్ పంపిస్తాను. బొమ్మ డిసెంబర్‌లో తెస్తాం, ఆట ఈలోపే మొదలుపెట్టొచ్చు. పేరు మాత్రం వాడే పెట్టాలని పాప మరీ మరీ చెప్పమంది. వచ్చే శనివారం మాకు పొద్దున తొమ్మిదికి, మీకు సాయంత్రం ఆరున్నరకి, లడ్డు గదికి గుర్రం రావాలట.