కాగితం మీద ఎర్ర గీత
(లేయర్లు, అంటే గుడ్లు పెట్టే కోళ్లు పెంచే రైతుల సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడి ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, పొద్దున్నే గుడ్లు లారీకెక్కించి నేరుగా ఇక్కడికి వచ్చిన రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. అధ్యక్షులవారు ఇరవై నిమిషాలిచ్చి దాణా ఖర్చు మీద మాట్లాడమన్నారు. ఖర్చంటే మనం మొక్కజొన్న రేటు, సోయా రేటు దగ్గరే ఆగిపోతాం. కోడి ముక్కున కరుచుకున్న గింజ లోపల ఎంతసేపుంటుంది, ఎక్కడ ఆగుతుంది, ఎప్పుడు బయటకొస్తుంది? ఈ ప్రశ్న నన్నింతవరకు ఏ మీటింగులోనూ ఎవరూ అడగలేదు. అడగకపోయినా ఇవాళ చెప్పే వెళ్తాను.

నేను పీజీ చదివేటప్పుడు మా మాస్టారు నాకు పన్నెండు లేయర్లను, ఒక పొట్లం ఫెర్రిక్ ఆక్సైడ్‌ను, ఒక గోడ గడియారాన్ని అప్పగించారు. ఫెర్రిక్ ఆక్సైడ్ ఇటుక రంగు పొడి. అది కోడికి అరగదు, ఒంటికి పట్టదు, లోపలికి ఎలా పోయిందో అలాగే వచ్చేస్తుంది. కిలో దాణాకి ఐదు గ్రాములు కలిపాం. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉన్న కోళ్లకు ఉదయం ఆరింటికి ఆ ఎర్ర దాణా పెట్టాం. అరగంటకు తీసేసి మామూలు దాణా వేశాం. ఒక్కో గూటి కింద తెల్ల కాగితం పరిచి కూర్చున్నాను.

ఎనిమిదీ ముప్పై అయిదుకు మూడో గూట్లో కోడి తోక ఎత్తింది. రెట్ట మీద మామూలుగా ఉండే సున్నంలాంటి తెల్ల టోపీ, దాని కింద మిరపపొడి గీసినట్టు సన్నని ఎర్ర గీత. పరుగున వెళ్లి, "సార్, రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు!" అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "బస్సులోంచి మొదటి మనిషి దిగాడు. మిగతావాళ్లంతా దిగారా?" అన్నారు.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. మొదటి ఎరుపు కనబడినంత మాత్రాన దాణా అంతా బయటపడినట్టు కాదు. నీరు, మెత్తటి పిండి ముందు పోతాయి. ముతక పలుకుల్ని కందనకాయ పట్టుకుని, నలిగేదాకా వదలదు. సగటు సమయం కావాలంటే గంట గంటకూ రెట్ట ఏరి, ఎండబెట్టి, అందులో రంగు పొడి ఎంతుందో ల్యాబులో తేల్చాలి. దానికి ఎర్ర పొడి బదులు క్రోమిక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లాంటివి వాడతారు. ఎక్కువ భాగం 24 గంటల్లో బయటపడుతుంది.

షెల్ గ్రిట్, అంటే గుడ్డు పెంకు కోసం వేసే గుల్ల పలుకుల సంగతీ ఇదే. సున్నపురాయి పొడి గబగబా వెళ్లిపోతుంది. పలుకులు కందనకాయలో కూర్చుని రాత్రంతా నెమ్మదిగా కరుగుతాయి. కోడి పెంకు తయారుచేసుకునేది కూడా ఎక్కువగా రాత్రిపూటే. సాయంత్రం గ్రిట్ వేయమని అందుకే చెబుతాం. నూనె కలిపిన దాణా కాస్త నిదానంగా కదులుతుంది, అందువల్ల అరగడానికి టైము దొరుకుతుంది. చూశారా, ఖర్చు గురించి కూడా మాట్లాడుతున్నాను.

అసలు విషయం మర్నాటి ఉదయానిది. లైటు వేయగానే ఒక కోడి కింద చింతపండు గుజ్జులాంటి ముద్ద పడింది. ముదురు గోధుమ రంగు, జిగురు, భరించలేని వాసన, పైన తెల్ల టోపీ లేదు. నోటుబుక్కులో "డయేరియా" అని రాశాను. మాస్టారు కొట్టేశారు. "కోడి పేగు చివర రెండు మూసుకుపోయిన గొట్టాలుంటాయి, సీకాలు. కొంత సరుకు అందులో చేరి పులుస్తుంది. రోజుకి ఒకట్రెండు సార్లు ఖాళీ అవుతాయి. ఇది జబ్బు కాదు, కోడి బాగుందనడానికి గుర్తు" అన్నారు. మన రంగు పొడి కూడా ఆ గొట్టాల్లో అందరికంటే ఆలస్యంగా దిగే ప్రయాణికుడే.

ఆ తర్వాత చాలా ఏళ్లకు గోదావరి జిల్లాలో ఒక రైతు షెడ్డుకు వెళ్లాను. పదివేల కోళ్లు. అంతకు వారం ముందు మందులమ్మే మనిషి ఒకతను ఆ గోధుమ రంగు రెట్ట చూపించి, "పేగు పూత, ఈ రోజే నీళ్లలో మందు కలపాలి" అని టెన్షన్ పెట్టాడట. ఐదు రోజులు కలిపారు. దాణా బిల్లుకు దాచిన డబ్బు అటు పోయింది. ఖాళీ డబ్బాలు వరసగా షెడ్డు గోడకు ఆనించి ఉన్నాయి. వంగి చూశాను. ఆ చింతపండు గుజ్జే! కోళ్లకు ఏ జబ్బూ లేదు. మందు మాత్రం గుడ్లతో పాటు ఊళ్లకు పోయింది. ఆయన నన్ను ఒకే మాట అడిగారు: "డాక్టరుగారూ, ఇది మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే?" నా దగ్గర జవాబు లేదు. నేను ఆ జిల్లాలో అప్పటికే నాలుగేళ్లు పనిచేశాను.

అన్నలారా, తమ్ముళ్లారా, చేతులెత్తండి. సీకం రెట్ట చూసి మందు కలిపినవాళ్లు ఎందరు? దించేయండి, తప్పు మీది కాదు. ఇలా నీళ్లలో కలిపే మందుల్లో ఒకటైన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకూడదని 2019లో కేంద్రం నిషేధించింది. మనిషికి ఆఖరి అస్త్రంగా ఉంచుకోవలసిన మందది. ఎండాకాలంలో కోడి రొప్పుతూ నీళ్లు ఎక్కువ తాగితే రెట్ట పలచబడుతుంది. దానికీ మందేనా?

మా నాయనమ్మకు చదువు లేదు. పొదిగే పెట్ట రోజుకొకసారి గుడ్ల మీంచి దిగి గుప్పెడంత పెంట వేస్తే, "పాపం, పొద్దున్నుంచీ బిగబట్టింది" అనేది. ఒక్కరోజు కూడా దాన్ని జబ్బు అనలేదు. రోజూ చూసే కళ్లు ఆవిడవి.

నేను అడిగేది చిన్న పని. మీ షెడ్లో పది కోళ్ల కింద ఒక రోజంతా కాగితం పరవండి. ఎన్ని టోపీ రెట్టలు, ఎన్ని సీకం రెట్టలు, ఏ గంటకు పడ్డాయో రాయండి. రంగు కలిపి చూడాలనిపిస్తే దాణాలో వాడదగ్గ పొడిని మీ డాక్టరునడిగి తీసుకోండి. పెయింట్ షాపులో రెడ్ ఆక్సైడ్ ముట్టుకోవద్దు, మళ్లీ చెబుతున్నాను, వద్దు. మందు డబ్బా మూత తీసేముందు ఆ కాగితం చూడండి.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు, ముగిస్తాను. రేపు ఉదయం ఆరింటికి ఎవరి షెడ్డుకు రమ్మంటారు? కాగితాలు నేను తెస్తాను.