స్టాఫ్ అంటే ఒక మనిషి కాదు

అందరికీ నమస్కారం.

ఈ రోజు ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఆఫీసులో పనిచేసే ప్రతివారి నోటా రోజూ వినిపించే మాట అది: స్టాఫ్. ఇంత చిన్న మాటకు ఒక ప్రసంగం అవసరమా అని మీకు అనిపించవచ్చు. అవసరమే. నోటీసుల్లో, ఉత్తరాల్లో, ఉద్యోగ దరఖాస్తుల్లో తెలుగువాళ్లం తరచూ తడబడే ఇంగ్లీషు మాటల్లో ఇదొకటి. బాగా చదువుకున్నవారు కూడా దీన్ని తప్పుగా రాస్తారు. పక్కవారికి అర్థమైపోతుంది కాబట్టి ఎవరూ దిద్దరు.

ఒక నోటీసు చూద్దాం. "ఆల్ స్టాఫ్స్ ఆర్ రిక్వెస్టెడ్ టు అటెండ్. ఈచ్ స్టాఫ్ షుడ్ సైన్." రెండు వాక్యాలు, రెండు తప్పులు. రెంటికీ మూలం ఒక్కటే. రాసినవారి మనసులో స్టాఫ్ అంటే ఒక ఉద్యోగి, ఒకరికంటే ఎక్కువైతే స్టాఫ్స్. ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం ఒకచోట పనిచేసేవాళ్లందరూ కలిసిన బృందం. అందుకే మొదటి వాక్యంలో "ఆల్ స్టాఫ్" అంటే చాలు. రెండో వాక్యంలో ఒక్కొక్కరి గురించి చెబుతున్నాం కనుక "ఈచ్ స్టాఫ్ మెంబర్" అనాలి. "ఈచ్ ఎంప్లాయీ" అన్నా తేలిగ్గా సరిపోతుంది.

ఈ పొరపాటు ఎక్కడినుంచి వచ్చింది? నన్నడిగితే, మన తెలుగు సంభాషణలోంచే వచ్చింది. "మా స్టాఫ్ ఒకాయన రిటైరయ్యారు" అంటాం, "ఇద్దరు కొత్త స్టాఫ్ చేరారు" అంటాం. ఇలా మనం తెచ్చుకున్న మాటను మన ఇష్టప్రకారం మలుచుకున్నాం. తెలుగులో మాట్లాడుకునేటప్పుడు అది తప్పేమీ కాదు. అయితే అదే అలవాటు ఇంగ్లీషు వాక్యంలోకి తిరిగి వెళ్లినప్పుడే చిక్కు.

దీనికి మందు కూడా తెలుగులోనే ఉంది. స్టాఫ్ అని రాయబోయే ముందు సిబ్బంది అన్న మాటను తలుచుకోండి. "ఒక సిబ్బంది వచ్చాడు" అని మనం అనం, "సిబ్బందిలో ఒకరు వచ్చారు" అంటాం. "సిబ్బందులు" అని ఎవరైనా రాస్తే వెంటనే ఎబ్బెట్టుగా తోస్తుంది. "ముగ్గురు సిబ్బంది గాయపడ్డారు" అని మాత్రం పత్రికలు రాస్తాయి, మనకూ అది సహజంగానే ఉంటుంది. బ్రిటిష్ ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇంతే: "త్రీ స్టాఫ్" చెల్లుతుంది, "వన్ స్టాఫ్" చెల్లదు. ఈ సూక్ష్మం మనకు పుట్టుకతో తెలుసు, కాకపోతే ఇంగ్లీషు రాసేటప్పుడు గుర్తుకు రాదు.

ఇక క్రియ సంగతి. స్టాఫ్ తరవాత "ఈజ్" రాయాలా, "ఆర్" రాయాలా? రెండూ సరైనవే. బ్రిటన్‌లో మనుషులను దృష్టిలో పెట్టుకుని "ఆర్" ఎక్కువగా వాడతారు. అమెరికాలో బృందాన్ని ఒక్కటిగా చూసి "ఈజ్" అంటారు. ఏది ఎంచుకున్నా ఆ ఉత్తరమంతా దానికే కట్టుబడి ఉండాలి. మొదట "ఈజ్" అని రాసి, తరవాతి వాక్యంలో వాళ్లు అనే అర్థంలో "దే" అని మొదలుపెడితే చదివేవారు తడుముకుంటారు. అలాంటి ఇబ్బంది ఎదురైతే "స్టాఫ్ మెంబర్స్" అని మార్చేయండి. అప్పుడు బహువచన క్రియే వస్తుంది, సందేహం ఉండదు.

మరి "స్టాఫ్స్" అన్న రూపం అసలు లేనే లేదా అంటే, ఉంది. రెండు ఆసుపత్రుల సిబ్బందిని వేర్వేరు బృందాలుగా చెప్పేటప్పుడు అది సరైన మాటే. నిజానికి స్టాఫ్ అంటే మొదట్లో చేతికర్ర. ఆ అర్థం ఇప్పటికీ ఉంది, ఆ కర్రలు ఎన్నో ఉంటే స్టాఫ్స్ అనీ, స్టేవ్స్ అనీ అంటారు. ఆఫీసు నోటీసులో మనకు వాటితో పనిలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే వాడుక ఇంకొకటి ఉంది. పక్క కుర్చీలో పనిచేసే వ్యక్తిని పరిచయం చేస్తూ "హీ ఈజ్ మై స్టాఫ్" అంటారు. వ్యాకరణం ఎలాగూ తప్పే. అంతకుమించి, వినేవారికి ఆయన మీ కింద పనిచేస్తున్నారనే అర్థం స్ఫురిస్తుంది. సమాన హోదాలో ఉన్న మనిషిని, ఒక్కోసారి మనకంటే పెద్దవారిని, తెలియకుండానే తక్కువ చేసినట్టవుతుంది. "కో-స్టాఫ్" అనడమూ వింటుంటాం. కావలసిన మాట "కొలీగ్". ఇంతకంటే సూటిగా, మర్యాదగా ఉండే మాట ఇంకోటి అక్కర్లేదు.

ఎక్విప్‌మెంట్, ఫర్నిచర్, ఫీడ్‌బ్యాక్ కూడా ఆఫీసులో నిత్యం వాడేవే. వీటికి చివర "స్" చేర్చకూడదు, క్రియ ఎప్పుడూ ఏకవచనంలోనే ఉంటుంది. ఒక్కో వస్తువును లెక్కపెట్టాలంటే ముందు "పీస్ ఆఫ్" చేర్చుకోవాలి. స్టాఫ్‌కు ఉన్నట్టు ఇక్కడ రెండు దారులు లేవు.

చివరగా, మనం అంతగా వాడని ఒక సదుపాయం చెబుతాను. స్టాఫ్ క్రియగా కూడా పనిచేస్తుంది. ఒక కౌంటర్‌కు మనుషులను నియమించడాన్ని "టు స్టాఫ్ ది కౌంటర్" అంటారు. మనుషులు చాలక పని ఆగిపోతోందని పై అధికారికి రాసేటప్పుడు "స్టాఫ్స్ ఆర్ లెస్" అని రాయకండి, "వి ఆర్ షార్ట్-స్టాఫ్డ్" అని రాయండి. ఇప్పుడు మీ సందేహాలు అడగండి. మీ ఆఫీసు నోటీసులేమైనా తెచ్చి ఉంటే వాటిని ఇక్కడే కలిసి దిద్దుదాం.